పద్దులేని పల్లె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవమునాడు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను భారతమునో భాగవతమునో గూర్చి ప్రసంగింతునని వారు తలచియుందురు. నేను పండితుడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీద టీకాతాత్పర్యముల సాయమున కొన్ని పద్యములు కూడబలుకుకొన్నవాడను. మా నాయనగారు కరణీకము చేసిరి. 1984లో ఆ వ్యవస్థ రద్దయినది. నేను నేటి పద్ధతిలో గ్రామలెక్కలు వ్రాసి జీవించుచున్నాను. కావున నా కంటికి తెలిసిన లెక్కనే నేడు మీకు విన్నవించెదను. విషయము చిన్నది. ఒక శివారు పల్లె ఎక్కడ ఉన్నది? అందులో ఎందరు ఉన్నారు? ఈ రెండే ప్రశ్నలు. వినుటకు ఇవి బడిపిల్లల ప్రశ్నలవలె ఉండును. వీనికి సమాధానము చెప్పుటకు నాకు చాలకాలము పట్టినది.

రైలులో ప్రక్కవాడు "మీది ఏ ఊరండీ?" అని అడిగినచో మన శివారు పల్లెవాడు "దుగ్గిరాల దగ్గర" అనును. అడిగినవాడు కొంచెము దూరపువాడైన "తెనాలి దగ్గర" అనును. మరింత దూరపువాడైన "విజయవాడ దగ్గర" అనును. తన ఊరి పేరు మాత్రము వాని నోట వెలువడదు. అది అబద్ధము కాదు, వినయమును కాదు. చెప్పినను ఎదుటివానికి తెలియదని వానికి తెలియును.

దుగ్గిరాల ఎక్కడ ఉన్నదో చెప్పుట తేలిక. విజయవాడ నుండి తెనాలికి పోవు రైలుదారిలో చిలువూరు దాటగానే వచ్చు స్టేషను అది. కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టిన పిమ్మట వచ్చిన పశ్చిమ డెల్టా కాలువ అచ్చటి లాకులయొద్ద చీలి కొమ్మమూరు కాలువగా, నిజాంపట్నపు కాలువగా, మరికొన్ని పాయలుగా పారును. పసుపు బేరమాడువారికి ఆ పేరు దూరదేశములలోను తెలియును. భూగోళ పటములో సుమారు 16 డిగ్రీల 20 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 80 డిగ్రీల 37 నిమిషముల తూర్పు రేఖాంశమున వెదకిన దొరకును. కాని ఆ లాకులకు దిగువను కాలువగట్టు మీదనో, చేల నడుమనో, కరకట్ట ప్రక్కనో ఉన్న నలుబది ఏబది ఇండ్ల పాలెమునకు ఈ గుర్తులేవియు లేవు.

ఇందులకు కారణము గ్రామమను మాటలోనే ఉన్నది. మనము గ్రామమనగా ఇండ్లు, చెరువు, గుడి, రచ్చబండ అనుకొందుము. రెవిన్యూ లెక్కలో గ్రామమనగా ఒక హద్దు. మూడు గ్రామముల పొలిమేరలు కలిసినచోట పాతిన రాళ్ళ నడుమ ఉన్న నేల అంతయు, సర్వే నెంబర్లుగా విడదీసినది, ఒక రెవిన్యూ గ్రామము. ఆ హద్దులో జనులు ఒక్కచోట ఉన్నను ఒకటే గ్రామము, అయిదుచోట్ల ఉన్నను ఒకటే గ్రామము. అందులో పెద్దదానికి అసలు గ్రామమని పేరు. తక్కినవి శివార్లు, మజరాలు. వానికి పేరు ఉండవచ్చును, రామాలయము ఉండవచ్చును, తిరునాళ్ళకు కట్టు ప్రభ ఉండవచ్చును, కాని లెక్కలో ప్రత్యేకముగా పద్దు ఉండదు. పంచాయతీలోను అటువంటివి పెక్కు ఒక వార్డుగనో రెండు వార్డులుగనో అణగియుండును. కొన్ని శివార్లు విడిపోయి స్వంత పంచాయతీలు తెచ్చుకొన్నవి. మిగిలినవి పెద్ద ఊరి కొంగు పట్టుకొని నిలిచియున్నవి.

ఇందులో ఒక వింత చెప్పెదను. రెవిన్యూ భాషలో బేచిరాకు గ్రామమని ఒక మాట కలదు. చిరాగు అనగా పారసీకమున దీపము. బేచిరాకు అనగా దీపము లేనిది, జనులు విడిచిపోయినది. హద్దు మిగిలి మనిషి మిగులని ఊరన్నమాట. అట్టి ఊరికి జనగణన పుస్తకములో పేరు ఉండును, విస్తీర్ణము ఉండును, జనసంఖ్య గడిలో సున్న ఉండును. దీపములు వెలుగుచున్న పాలెమునకు మాత్రము ఆ పుస్తకములో ఒక పంక్తియైన ఉండదు. సున్నకు పద్దు ఉన్నది, మనుష్యులకు లేదు. ఇది ఎవరో పగబట్టి చేసినది కాదు. నేల శిస్తు కొరకు పుట్టిన లెక్క నేలనే చూచినది.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గ్రామము నూరు కుటుంబములకు తక్కువ కాకుండ, అయిదువందలకు మించకుండ ఉండవలెనని చెప్పబడినది. అయిదు గ్రామములకో పది గ్రామములకో గోపుడను నొక ఉద్యోగి ఉండవలెనట. హద్దులు, చేలు, తోటలు, గుళ్ళు, దారులు వ్రాసికొనుట వాని పని. అంతటితో విడువక, ఇండ్లు ఎన్ని, పన్ను ఇచ్చునవి ఎన్ని, ఇయ్యనివి ఎన్ని, ఏ ఇంట ఎందరు సేద్యగాండ్రు, గోపాలకులు, వర్తకులు, శిల్పులు, కూలివారు ఉన్నారో, పశువులు ఎన్నియో కూడ వాడు వ్రాయవలెను. ఆ అధ్యాయమును మొదట చదివినప్పుడు, నా ఉద్యోగమునకు ఇంత పూర్వీకము కలదా అని పొంగిపోయితిని. రెండవసారి చదివినప్పుడు తలవంచుకొంటిని. ఆ గోపుడు ఇంటింటికి పోయి చూచినవాడు. నేను పాత పుస్తకము చూచి క్రొత్త పుస్తకము నింపినవాడను.

నా తప్పు నేనే చెప్పుకొందును. ఒక శివారు పల్లె పూర్వము పట్టా పొలములో వెలసినది. మొదట పశువుల చావిళ్ళు, పిదప కావలి గుడిసెలు, పిదప ఇండ్లు. డెల్టాలో పాలెములు పెక్కు ఈ తీరుననే పుట్టినవి. పొలము ఊరికి దూరమైన రైతు పొలమునొద్దనే నిలిచిపోయెను. కాలువ పనికి వచ్చిన కూలివారు గట్టుమీదనే ఉండిపోయిరి. వరదకు లంక విడిచినవారు మెరకకు చేరిరి. నేను క్రొత్తగా ఉద్యోగమునకు వచ్చిన దినములలో, అడంగలులో ఆ సర్వే నెంబరుకు ఎదురుగా వెనుకటి ఏటి పుస్తకములో నున్నట్లే పసుపు అని వ్రాయుచు వచ్చితిని. మూడవయేట ఏదో తగవు తీర్చుటకు అచ్చటికి పోయి చూతును గదా, చేనిలో పసుపు లేదు, గడపలకు పసుపు ఉన్నది. ఆడువారు ముంగిళ్ళు ఊడ్చి ముగ్గులు పెట్టుచున్నారు. నేను మూడేండ్లు మనుష్యులను పైరుగా వ్రాసితిని.

ఇక జనసంఖ్య మాట. మన దేశమున అంతట ఒకే కాలమున జనులను లెక్కించుట 1881లో ఆరంభమైనది. పదేండ్లకొకసారి తప్పక 2011 వరకు సాగినది. 2011లో గణకులు ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఇంటింట వ్రాసిరి. ఇల్లు లేనివారిని 28వ తేదీ రాత్రి వెదకి వ్రాసిరి. మార్చి 1వ తేదీ తెల్లవారుజాము కాదు, అర్ధరాత్రి గంట కొట్టిన క్షణమే ప్రమాణము. ఆ క్షణమునకు ముందు పుట్టిన శిశువు లెక్కలోనివాడు, పిదప పుట్టినవాడు కాడు. ఒక పొయ్యిమీద వండుకొని తినువారు ఒక కుటుంబము. ఒక కప్పు క్రింద రెండు పొయ్యిలున్న రెండు కుటుంబములు. ఈ సూత్రము నాకు మిక్కిలి నచ్చినది. రాజ్యాంగ గ్రంథములన్నియు తిరిగి చివరకు మన అమ్మల పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చున్నవి.

ఆ లెక్క ప్రకారము నాటి గుంటూరు జిల్లా జనసంఖ్య 48,87,813. ఈ అంకెలో శివారు పల్లెల జనులందరు ఉన్నారు. ఒక్కరును విడువబడిరని నేను అనను. గణకుడు కాలువ దాటి, గట్టు నడిచి, ఆ పాలెమునకును పోయినాడు. పేర్లు వ్రాసికొన్నాడు. కాని ఆ పేర్లన్నియు తెచ్చి అసలు గ్రామపు మొత్తములో కలిపినాడు. పాలు కుండలో పోసిన పిమ్మట ఇది ఏ ఆవు పాలు అని అడిగిన ఎవరు చెప్పగలరు? ఆ చివరి 13 మందిలో మన పాలెముల పసికందు ఎవడైన ఉన్నాడేమో, పుస్తకము చెప్పలేదు.

చెప్పకున్న నష్టమేమి అని మీరు అడుగవచ్చును. నష్టము కలదు. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చినది. ఆ పథకమున రోడ్డు రెవిన్యూ గ్రామమునకు కాదు, జనావాసమునకు. మైదాన ప్రాంతములో 500 మందికి తగ్గని జనావాసమునకు రోడ్డు వేయవలెనని నియమము. 2009 నాటి విద్యాహక్కు చట్టము క్రింద చేసిన నియమములలో పసిపిల్లల బడి జనావాసమునకు ఒక కిలోమీటరులోపల ఉండవలెనని ఉన్నది. చూచితిరా, ఇచ్చునప్పుడు పల్లె పేరు అడిగిరి, లెక్కించునప్పుడు పెద్ద ఊరి పేరు వ్రాసిరి. మా పల్లెలో ఇందరము ఉన్నామని చెప్పుకొనుటకు కాగితము లేనివాడు ఆ గుమ్మమునొద్ద నిలువబడి ఏమి చూపును?

ఆపద వచ్చినప్పుడు ఈ లోటు మరింత కనబడును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. మన బాపట్ల, రేపల్లె ప్రాంతములును గాలివానకు నలిగినవి. పోయినవారు పదివేలని ప్రభుత్వ లెక్క, అంతకు మించినదని చూచినవారి మాట. ఇన్నేండ్లైనను ఒక్క అంకె నిలువలేదు. రేవుల ప్రక్క పాకలలో ఎందరు ఉండిరో ముందు తెలియని చోట, ఎందరు పోయిరో పిదప తెలియునా? 2009 అక్టోబరులో కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు విడిచిరి. ఆ రాత్రులలో కరకట్టకు ఆవలి లంకలలో ఎన్ని గడపలున్నవో నోటితో చెప్పగలవాడు ఒక్కడున్నను పడవ ఎక్కడికి పంపవలెనో తెలియును. పుస్తకము తీసి చూచుటకు అప్పుడు వేళ ఉండదు.

ఈ చిక్కు మనకు మాత్రమే ఉన్నదనుకొనరాదు. మన పిల్లలు పెక్కుమంది ఉన్న అమెరికాలోను స్వంత పురపాలన లేని చిన్న ఊళ్ళు వేలకొలది కలవు. అచ్చటి జనగణనవారు 1950 నుండి అందులో పెద్దవానికి గీతలు గీసి, పేరు పెట్టి, వేరుగా లెక్కించి ప్రకటించుచున్నారు. పురపాలన ఇచ్చుట వేరు, లెక్క చెప్పుట వేరు అని వారు గ్రహించిరి.

పురపాలన లేకుండుటయే కొరత అని కూడ నేను అనను. మన చీరాల పేరాల కథ మీరు ఎరుగుదురు. ఆ రెండు ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలమంది ఇండ్లు విడిచి పొలిమేర దాటి పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు. ఎండకు ఎండి, వానకు తడిసి, పదునొకండు నెలలు అచ్చట నిలిచిరి. ఏ రిజిస్టరులోను గ్రామముగా ఎక్కని ఊరు అది. అయినను ఆంధ్రదేశ చరిత్రలో ఎక్కినది. ఆయన ఇంటిపేరు మన ఊరి పేరే. ఊరి పేరు ఒకరి ఇంటిపేరై నిలిచెను. పద్దులు లేని కాలమున మన పెద్దలు ఊళ్ళను ఇంటిపేర్లలో దాచుకొనిరని నాకు తోచును.

పైవారి చేతిలోని చిరునామాను నమ్ముకొన్న అది నిలుచునదియు కాదు. చీరాలనే చూడుడు. ఆ ఊరు అంగుళమైన కదలలేదు. 1904కు పూర్వము కృష్ణా జిల్లాలో ఉండెను. 1904లో గుంటూరు జిల్లాకు వచ్చెను. 1970లో ఒంగోలు జిల్లాకు పోయెను. 2022లో బాపట్ల జిల్లాకు చేరెను. నడుమ 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. ఊరు నిలిచియుండగా జిల్లాలు దాని మీదుగా నడచిపోయినవి. కావున ఊరు ఎక్కడ ఉన్నదో జ్ఞాపకముంచుకొనవలసినది మొదట ఆ ఊరివారే.

ఇక ఈ గ్రంథాలయము నాకు నేర్పిన పాఠము చెప్పి ముగించెదను. కొన్నేండ్ల క్రిందట ఇందాక చెప్పిన పాలెము నుండి ఒక ముసలమ్మ ధ్రువపత్రము కొరకు నా దగ్గరకు వచ్చినది. గ్రామమను గడిలో నేను అసలు గ్రామము పేరు వ్రాసితిని.

"ఏం రాశావు బాబూ?" అని అడిగినది. చదివి వినిపించితిని.

"అది మా ఊరు కాదు గదయ్యా. మాది పాలెం. మా పాలెం పేరు రాయి" అన్నది.

"కాగితములో గడి ఒక్కటే ఉన్నదమ్మా" అంటిని.

"గడి లేకపోతే మేము లేమా?" అని నవ్వి, కాగితము కొంగున ముడివేసికొని పోయినది.

ఆమె నవ్వినది గాని నాకు నవ్వు రాలేదు. ఆ సాయంకాలము అలవాటు చొప్పున ఇచ్చటికి వచ్చితిని. గ్రంథపాలకుడు లోపల పుస్తకములు సర్దుచుండెను. బల్లమీద చందాదారుల రిజిస్టరు తెరచియున్నది. ఊరకే చూచితిని. చిరునామా గడిలో ఒక కుర్రవాడు తన చేతితో, వంకర అక్షరములతో, ఆ పాలెము పేరు వ్రాసియున్నాడు. దాని క్రింద మరియొకడు. తరువాతి పుటలో ఒక పడుచు. శిస్తు లెక్కలో లేని పేరు, జనగణన పుస్తకములో లేని పేరు, ఇచ్చట సిరాతో ఉన్నది. ఏలయన ఇచ్చట ఎవరును వారిని నీది ఏ సర్వే నెంబరు అని అడుగలేదు. నీవు ఎచ్చటి నుండి వచ్చితివి అని మాత్రమే అడిగిరి.

గ్రంథాలయోద్యమమునకు ఈ గుణము పుట్టుకతో వచ్చినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో మన పెదపాలెము నుండి పాతూరి నాగభూషణంగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంట పల్లెపల్లెకు నడిపించిరి. పెదపాలెమును పాలెమే గదా! ఒక పాలెము తక్కిన పాలెములకు గ్రంథములు పంపినది. ఆ పడవ ఆగిన రేవులన్నిటికి రెవిన్యూ పద్దు ఉన్నదా అని ఆయన విచారింపలేదు. చదువువాడు ఉన్నాడా అని విచారించిరి. 1960లో గ్రంథాలయ చట్టము వచ్చిన పిమ్మట ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను శివారు ఇంటివాడును చెల్లించుచున్నాడు. కావున పుస్తకము మీద హక్కు వానికిని సమానమే.

అందుచేత కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ రజతోత్సవ చిహ్నముగా ఒక పెద్ద పుస్తకము కుట్టించుడు. మన చుట్టుప్రక్కల ప్రతి శివారు పల్లెకు అందులో రెండేసి పుటలు ఇండు. మొదటి పుటలో ఉనికి వ్రాయవలెను: ఏ కాలువకు ఏ గట్టున ఉన్నది, ఏ లాకుకు ఎంత దిగువ, స్టేషనుకు ఎంత దూరము, ఏ సర్వే నెంబరు, ఏ చెట్టు గుర్తు, వరద వచ్చిన నీరు మొదట ఎటు ఎక్కును. రెండవ పుటలో జనము: గడపలు ఎన్ని, పొయ్యిలు ఎన్ని, పిల్లలు ఎందరు, ముసలివారు ఎందరు, మొదట ఎవరు ఎచ్చటి నుండి వచ్చిరి, ఆ పేరు ఎట్లు వచ్చెను. వ్రాయువారు ఆ పల్లె చందాదారులే కావలెను. సర్వే నెంబర్లు సరిచూచు పని నాకు విడువుడు. నేను చేసిన తప్పుకు అది ప్రాయశ్చిత్తముగా ఉండును. ప్రతి సంక్రాంతికి ఒకసారి దిద్దుకొనవలెను. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. తరువాతి గణనకు 2027 మార్చి 1 ప్రమాణ దినమని 2025లో ప్రకటించిరి. గణకుడు వచ్చి పోయినను రాకున్నను మన లెక్క మన చేతిలో ఉండవలెను.

భారతము మాట ఎత్తకుండ దిగిపోయిన కార్యదర్శిగారు నొచ్చుకొందురు. ఉద్యోగపర్వమున ధర్మరాజు అర్ధరాజ్యము మాని అయిదూళ్ళు చాలునని అడిగెను. సంస్కృత భారతము చూడుడు. అందులో నాలుగు ఊళ్ళకు పేర్లు చెప్పి, అయిదవదానికి పేరు చెప్పక, ఏదైన ఒకటి అని విడిచెను. ఇన్నేండ్లుగా ఆ ఘట్టము చదువునప్పుడెల్ల వ్యాఖ్యాతలు ధర్మజుని శాంతమును మెచ్చుకొనిరి. నేను మాత్రము ఆ అయిదవ ఊరిని గూర్చి ఆలోచింతును. ధర్మరాజుకు ఏదో ఒకటి చాలును. ఆ ఊరిలో ఉన్నవారికి అది ఏదో ఒకటి కాదు, అదే ఊరు. అందులోను పొయ్యిలు ఉండును, గడపలకు పసుపు ఉండును, మా ఊరి పేరు వ్రాయుమని అడుగు ముసలమ్మ ఉండును.

ఆ పేరును వ్రాయుటకు మన గ్రంథాలయములో ఒక గడి ఎప్పుడును ఖాళీగా ఉంచెదరని నమ్ముచున్నాను.